ఏడు గంటల ముద్ద

"ఈ సబ్బు ఎవరు గిల్లారు?"

మా వారు ఉదయభాస్కర్ తల మీంచి నీళ్లు కారుతుండగా, తువ్వాలు చుట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి అడిగారు. ఏప్రిల్ నెల, సోమవారం, పొద్దున్న ఏడున్నర. పొయ్యి మీద ఉప్మా మాడబోతోంది. నా వేళ్ల మధ్య మా అమ్మాయి శ్రీజ జడ సగంలో ఉంది.

"సబ్బు గిల్లేంత తీరిక ఈ ఇంట్లో ఎవరికుందండీ?"

"నిన్న సాయంత్రం కొత్తది విప్పాను. ఇప్పుడు చూస్తే ఒక మూలే లేదు. శ్రీజా, నువ్వేనా?"

"నాట్ మీ, డాడీ. నాకు ఆ సోప్ స్మెల్లే ఇష్టం లేదు."

"అందుకే గిల్లి పారేసి ఉంటావు."

"దట్స్ సో అన్‌ఫెయిర్! మమ్మీ, చెప్పు!"

"తొమ్మిదేళ్ల పిల్ల మీద పడతారేమిటి? ముందు మీ గోళ్లు చూసుకోండి, ఎప్పుడు తీశారో."

"నా గోళ్లా?" అంటూ ఆయన రెండు చేతులూ చాపారు. తువ్వాలు జారబోతే గబుక్కున పట్టుకున్నారు. శ్రీజ కిసుక్కున నవ్వింది. నాకూ నవ్వొచ్చింది కానీ, నవ్వితే ఓడిపోయినట్టవుతుందని ఉప్మా వైపు తిరిగాను.

"నేనే గిల్లాననుకోండిరా. గొడవ వదిలిపోతుంది," అన్నారు బల్ల దగ్గర కూర్చున్న మా అత్తగారు శకుంతల గారు.

నవ్వులు ఆగిపోయాయి. మా మామగారు పోయిన ఈ రెండు నెలల్లో ఆవిడకి అదొక అలవాటైంది. పాలు విరిగినా, ఉతికిన బట్టలు వానలో తడిసినా తన మీదే వేసుకునేవారు.

అందరూ వెళ్లాక సబ్బు కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాను. గోరు గిల్లితే గుంట పడుతుంది. ఇక్కడ పడ్డవి గాట్లు. సన్నగా, జంటగా, పక్కపక్కన గీరినట్టు. గుంటూరులో డిగ్రీకి జంతుశాస్త్రం చదివాను. పెళ్లయ్యాక ఆ చదువు ఎందుకూ పనికిరాలేదు. ఆ పొద్దున్న మాత్రం సబ్బు చేతిలో పట్టుకుని, జీవితాంతం పెరుగుతూనే ఉండే ముందుపళ్ల జత గురించి మా మేడమ్ నల్లబల్ల మీద గీసిన బొమ్మ గుర్తు చేసుకున్నాను.

సముద్రాలవతల, మన ఎండాకాలంలో చలి మొదలయ్యే ఈ దేశంలో, మాది మనురేవా అనే ఊళ్లో పాత చెక్క ఇల్లు. రేకుల కప్పు. పొట్టి దిమ్మెల మీద నిలబెట్టిన ఇల్లు కాబట్టి నేలకీ ఇంటికీ మధ్య ఒక మనిషి పాకేంత ఖాళీ ఉంటుంది. వెనకాల గడ్డి, బట్టల తీగ, కంచె పక్కన ఫిజోవా చెట్టు. మన జామకాయకి చుట్టంలా ఉంటుందా పండు. ఏప్రిల్ వచ్చిందంటే ఎవరూ కోయక్కర్లేకుండా తనంత తానే రాలిపడుతుంది. చెట్టు కింద కాలు పెడితే మెత్తగా తగులుతాయి.

ఆ చెట్టు కిందే ఒక సిమెంటు పలక ఉంది. మా అత్తగారు రోజూ సాయంత్రం ఏడింటికి మా మామగారి పేరు మీద ముద్ద పెట్టేది దాని మీదే.

మామగారు లక్ష్మణరావు గారు తెనాలి దగ్గర ఒక హైస్కూల్లో హెడ్‌మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఇక్కడికొచ్చి మాతో ఉన్న మూడేళ్లూ ఏడు కొట్టగానే కంచం ముందు కూర్చునేవారు. ఒక నిమిషం ఆలస్యమైతే ఏమీ అనరు, గోడ గడియారం వంక చూస్తారు. అంతే. ఫిబ్రవరి ఆఖరి వారంలో ఒక సాయంత్రం అత్తగారు అన్నం వడ్డించి, సొరకాయ పులుసు పోసి పిలిచారు. "చేతులు కడుక్కుని వస్తున్నా," అన్నారాయన. రాలేదు. సింకు దగ్గరే పడిపోయారు.

ఆసుపత్రి నుంచి మేం తిరిగొచ్చేసరికి బల్ల మీద కంచం అలాగే ఉంది. పులుసు అన్నంలోకి ఇంకిపోయి, మెతుకులు ఎండిపోయాయి. ఆ కంచం కడిగింది నేనే.

పదో రోజు పిండం వేమత్ తీరంలో పెట్టించారు. వారమంతా బేకరీలో పనిచేసి శని ఆదివారాలు పౌరోహిత్యం చేసే శ్రీనివాసమూర్తి గారు, ఈ ఊళ్లో కాకులు లేవు, ఏ పక్షి ముట్టినా పరవాలేదు, శాస్త్రం ఒప్పుకుంటుంది అన్నారు. ఆ మాట పూర్తి కాకముందే సముద్రపు పిట్టలు పదీ పదిహేను అరుచుకుంటూ మీద పడ్డాయి. ఒకదాని ముక్కులోది ఒకటి లాక్కుని, నిమిషంలో ఖాళీ చేశాయి. మా అత్తగారు మొహం తిప్పేసుకున్నారు.

"అది ముట్టడమా? దోచుకోవడం. పిలిస్తే రావాలి, ఒక్కటి రావాలి," అన్నారు కారులో.

ఆ రోజు నుంచి ఆవిడ తినడం మానేశారు. కాసిని పాలు, సగం అరటిపండు. మార్చి మధ్యకల్లా జాకెట్లు భుజాల మీంచి జారిపోతుంటే నేనే కుట్లు వేసి బిగించాను. డాక్టరమ్మ తూకం చూసి, ఇలాగే ఉంటే ఆసుపత్రిలో చేర్చాలంది. అప్పుడొక సాయంత్రం ఆవిడ లేచి, తనే అన్నం కలిపారు. పులుసు, చిటికెడు గోంగూర, ఆయనకి ఇష్టమైనట్టు. ముద్ద చేసి చెట్టు కింద పలక మీద పెట్టి వచ్చారు. తెల్లవారి చూస్తే మెతుకు లేదు. పలక తుడిచినట్టుంది. ఆ రోజు ఆవిడ రెండు ఇడ్లీలు తిన్నారు.

అప్పటి నుంచీ అదే పద్ధతి. సాయంత్రం ముద్ద పెట్టి, మేం భోంచేస్తున్నంతసేపూ వెనక తలుపు దగ్గరే నిలబడతారు. పొద్దున్న పలక ఖాళీగా ఉంటేనే తింటారు. ఒక్కరోజు కూడా ఖాళీగా లేకపోవడం జరగలేదు. తూకం మూడు కిలోలు పెరిగింది. చీకటి పడ్డాక ఏ పక్షీ తినదు. ఆ సంగతి నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

సబ్బు మీద గాట్లు చూసిన రోజు నేను ఇల్లంతా వెతికాను. ఎలుకలున్నాయని తెలిస్తే ముందు ఇల్లాలినే అంటారు కదా, ఎవరికీ చెప్పకుండా వెతికాను. పొయ్యి వెనకాల, వేణ్నీళ్ల ట్యాంకు ఉన్న అలమరలో పెంటికలు కనిపించాయి. కొన్ని బూడిదరంగులో ఎండిపోయి, పుల్లతో తాకితే పొడి అవుతున్నాయి. కొన్ని నల్లగా, మెత్తగా నిగనిగలాడుతున్నాయి. అంటే నిన్నటివి. గోడ అడుగున చెక్క పొడవునా ఒక జిడ్డు గీత ఉంది. వారం వారం తుడిచే నేను దాన్ని చెక్క పాతబడ్డ మచ్చ అనుకున్నాను. అది ఒళ్లు రాసుకుంటూ తిరిగే దారి. సింకు కింద గొట్టం గోడలోకి పోయే చోట బొటనవేలు దూరేంత సందు. ఇరవై కిలోల బియ్యం బస్తాకి అడుగున ఒక మూల చిన్న చిల్లు, దాని కింద తెల్లటి పొడి. పైకప్పులో రోజూ వినిపించే గీకుడు పోసమ్‌ది, అంటే పిల్లంత ఉండి రాత్రుళ్లు చెట్లెక్కే ఇక్కడి జంతువుది, అని మా వారు తేల్చేసి ఉన్నారు. పోసమ్ అయితే ధబధబమని నడుస్తుంది. ఇది పరుగెత్తుతోంది.

బియ్యం డ్రమ్ములోకి పోశాను. సబ్బులు డబ్బాలో పెట్టాను. పప్పులు, పిండ్లు మూతలున్న స్టీలు డబ్బాల్లోకి మార్చాను. కానీ అవి ఎక్కడి నుంచి వస్తున్నాయో, ఎన్ని ఉన్నాయో తెలియాలి కదా. గురువారం సాయంత్రం బియ్యప్పిండి జల్లెడ పట్టి, సింకు కింద, గోడల వెంట పలచగా చల్లాను. మిగిలిన పిండి చేతిలో ఉంది. వెనక మెట్లు దిగి చెట్టు దాకా వెళ్లాను. ముద్ద అప్పటికే పలక మీద ఉంది. దాని చుట్టూ కూడా చల్లాను. చల్లేటప్పుడే నాకు జవాబు తెలుసనుకుంటాను.

మర్నాడు పొద్దున్న నన్ను లేపింది మా అత్తగారి గొంతు.

"నిరుపమా! ఒకసారి రా అమ్మా, రా!"

చలికి శాలువా కూడా లేకుండా చెట్టు కింద కూచుని ఉన్నారు. నేను వెళ్లగానే నా చెయ్యి పట్టుకున్నారు.

"నువ్వే పోశావా పిండి? నీకెవరు చెప్పారు ఈ సంగతి? మీ అమ్మ చెప్పిందా?"

నాకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. మా వైపు కొన్ని ఇళ్లల్లో మనిషి పోయాక దీపం పెట్టి, పిండి పరిచి, తెల్లవారి అడుగులు చూస్తారు. పోయినవాళ్లు వచ్చి వెళ్లారా అని. నేను చిన్నప్పుడు విన్నదే. మరిచిపోయాను.

"మన హడావిడిలో ఆ పదకొండు రోజుల్లో చెయ్యనే లేదు. నాకు అడగాలంటే మొహమాటం. చదువుకున్న పిల్లవి, నవ్వుతావేమోనని. నువ్వే చేశావు. చూడు, చూడు. వచ్చారు."

చూశాను. ముందు పాదాలకి నాలుగు వేళ్లు, వెనక పాదాలకి అయిదు. చిన్న చిన్న నక్షత్రాల్లా పలక చుట్టూ ఎన్నో. వాటి మధ్య నుంచి సన్నగా, వంకర్లు పోతూ ఒక గీత.

"ఆ గీత చూశావా? పంచె కొస. ఎన్నిసార్లు చెప్పినా ఎత్తి కట్టుకునేవారు కాదు, ఈడ్చుకుంటూనే నడిచేవారు," అని ఆవిడ నవ్వారు. రెండు నెలల తరవాత ఆవిడ పళ్లు కనిపించేలా నవ్వడం అదే.

నేను "అవునత్తయ్య గారూ," అన్నాను.

అది ఎలుక తోక. నా డిగ్రీ సంగతి అలా ఉంచితే, కళ్లున్న ఎవరికైనా తెలుస్తుంది. అయినా అవునన్నాను. ఆ రోజు ఆవిడ మూడు దోసెలు తిన్నారు. నాలుగోది వెయ్యమన్నారు కూడా.

ఆ రాత్రి పడుకునే ముందు మా వారికి అంతా చెప్పాను. ఆయన విమానాశ్రయంలో సామాను బెల్టులు బాగుచేసే పని చేస్తారు. ఏది ఎక్కడ ఇరుక్కుందో వెతికి తీయడంలో నేర్పరి. ఇది మాత్రం విని, దుప్పటి పక్కకి తోసి లేచి కూర్చున్నారు.

"చెప్పెయ్యరాదూ?"

"మీ అమ్మ గారు. మీరు చెప్పండి."

"మళ్లీ తిండి మానేస్తే?"

"అదే నేనూ అంటున్నది."

ఇద్దరం చెప్పలేదు. ఇంట్లోకి రాకుండా చూసుకుంటే చాలు, చెట్టు కింద ఏం తింటే మనకేం అనుకున్నాం. బజారు నుంచి రెండు బోనులు తెచ్చి పెట్టాం. వాటిలో పెట్టిన జున్నుముక్క ఎండిపోయింది గానీ ఒక్కటీ పడలేదు. బయట రోజూ వేడి పులుసన్నం దొరుకుతుంటే ఎండు జున్ను కోసం ఎవరొస్తారు?

మే మొదటి వారంలో ఒక బుధవారం శ్రీజ బడి నుంచి ఏడుస్తూ వచ్చింది. ముందురోజు సాయంత్రం బిస్కెట్లు మిగిలిన డబ్బాని సంచీలోనే వదిలేసి, సంచీ బట్టలు ఉతికే గదిలో నేల మీద పడేసింది. సంచీ అడుగున కొరికిన చిల్లు మేం చూడలేదు. మధ్యాహ్నం అందరి మధ్యా సంచీ తెరిచేసరికి పుస్తకాల మీద పెంటికలు.

"దే కాల్డ్ మీ ర్యాట్ గర్ల్, మమ్మీ. జెస్సికా నా పక్కన కూర్చోనంది. రేపు నేను స్కూల్‌కి వెళ్లను."

టీచరు చాలా మర్యాదగా ఒక చీటీ రాసింది. ఇంటి పరిస్థితి ఒకసారి చూసుకుంటే మంచిదని. ఆ మర్యాద నాకు చెంపదెబ్బలా తగిలింది. మా అత్తగారు శ్రీజని ఒళ్లో పడుకోబెట్టుకుని జుట్టు నిమురుతూ కూర్చున్నారు. "ఎలుకలా? ఎప్పట్నుంచీ?" అని నన్ను అడిగారు. "ఈ మధ్యేనండీ," అన్నాను. ఆవిడ పిల్ల జడ విప్పి మళ్లీ అల్లారు. ఏడింటికి లేచి అన్నం కలిపారు.

రెండు రోజులకి గ్రెగ్ అనే ఎలుకల మనిషి వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. చలిలో కూడా నిక్కరే. నుదుటికి టార్చి కట్టుకుని ఇంటి కిందికి పాకి, అరగంట తరవాత సాలెగూళ్లతో బయటికొచ్చాడు. ఒక్కో చోటికీ నన్ను తీసుకెళ్లి చూపించాడు. కప్పుకి ఆనుకున్న చెట్టుకొమ్మ వాటికి వంతెన. ఎరువు కోసం కూరగాయల తొక్కలు వేసే డబ్బాకి అడుగు లేదు, కింద నుంచి సొరంగం తవ్వాయి. గొట్టాల చుట్టూ సందుల్లో ఇనుప పీచు కుక్కి సిమెంటు పూయాలి, ఎందుకంటే తలకాయ దూరితే ఒళ్లంతా దూరినట్టే. రాలిన పళ్లు రోజూ ఏరెయ్యాలి. చలి పెరుగుతున్న కొద్దీ లోపలికే వస్తాయి, ఆలస్యం చేస్తే వైర్లు కొరుకుతాయి, పాత చెక్క ఇల్లు అగ్గిపెట్టెతో సమానం అన్నాడు.

చివరికి చెట్టు కింద ఆగాడు. పలక పక్కన గడ్డిలో నలిగి నున్నబడ్డ సన్నటి దారి ఒకటి ఇంటి కిందికి పోతోంది. దాని వెంట చూసి, వంగి పలక వాసన చూశాడు.

"ఇక్కడ హోటల్ ఎవరు నడుపుతున్నారు?" అన్నాడు.

నేను కాలితో ఆ దారి మీద గడ్డి సర్దాను. అతను నా మొహం చూసి నవ్వు ఆపేశాడు. విషం డబ్బాలు పెడతాను, తాళం ఉంటుంది కాబట్టి పిల్లలకి భయం లేదు అన్నాడు. కానీ ఇక్కడ తిండి దొరుకుతున్నంత కాలం అవి విషం వైపు కూడా చూడవు. ముందు ఇది ఆగాలి అన్నాడు.

అతను వెళ్లాక కిటికీ దగ్గరి నుంచి అత్తగారు అడిగారు.

"ఏమంటాడమ్మాయ్ ఆ తెల్లాయన?"

"రాలిన పళ్లు రోజూ ఏరెయ్యమన్నాడండీ."

"అంతేనా? చాలాసేపు మాట్లాడాడే."

"వీళ్లంతే కదా అత్తయ్య గారూ. వాతావరణం గురించే పది నిమిషాలు."

ఆవిడ కిటికీ తలుపు వేసేసుకున్నారు.

అతను చెప్పినవన్నీ చేశాను. సందు కనిపించిన చోటల్లా మోకాళ్ల మీద కూర్చుని ఇనుప పీచు కుక్కాను. మా వారు సిమెంటు పూశారు, కొమ్మ నరికారు, ఎరువు డబ్బా కింద ఇనుప జాలీ వేశారు. శ్రీజ సంచీ రోజూ మేకుకి వేలాడింది. మిగిలింది ఒక్కటే.

ముద్ద పెట్టాక అత్తగారు వెనక తలుపు దగ్గర నిలబడతారు. మా భోజనాలయ్యాక, ఎనిమిదింటికి, దేవుడి దగ్గర కూర్చుంటారు. ఆ సమయంలో చెత్త పారెయ్యడానికన్నట్టు నేను బయటికి వెళ్లి, ముద్ద తీసి, పలక తుడిచేసేదాన్ని. ఆ గంటలో అవి ముట్టకుండా ఉండేందుకు ఇంటి వెనకాల దీపం వేసి ఉంచేదాన్ని.

తీసిన ముద్ద ఏం చెయ్యాలో నాకు తోచలేదు. చెత్త సంచీలో వేస్తే బుధవారం బండి వచ్చే దాకా గ్యారేజీలో ఉంటుంది, ఆ వాసనకి మళ్లీ వస్తాయి. అందుకని ప్లాస్టిక్ కవరులో చుట్టి గ్యారేజీలో పెద్ద ఫ్రీజరు అడుగున పెట్టాను. బుధవారం పారేద్దామనుకున్నాను. బుధవారం వచ్చింది. కవరు చేతిలోకి తీసుకున్నాను. ఒకరి పేరు మీద పెట్టిన అన్నం. గోంగూర ఎర్రగా కనిపిస్తోంది. చెత్తలో వెయ్యడానికి చెయ్యి రాలేదు. ఆదివారం వేమత్ తీసుకెళ్లి నీళ్లలో వదులుదాంలే అని మళ్లీ పెట్టేశాను. ఆ ఆదివారం వాన. తరవాతి ఆదివారం శ్రీజ స్నేహితురాలి పుట్టినరోజు. ముద్దలు పెరిగిపోయాయి.

ఎలుకలు తగ్గాయి. విషం డబ్బాల్లో దిమ్మలు ఒక వారం గబగబా తరిగి, తరవాత అలాగే ఉండిపోయాయి. ఇంటి కింద గ్రెగ్‌కి మూడు చచ్చినవి దొరికాయి. నేను చల్లిన పిండి పొద్దున్నకి చల్లినట్టే ఉంటోంది. పైకప్పులో చప్పుడు లేదు. అత్తగారు పొద్దున్నే వెళ్లి ఖాళీ పలక చూసుకుని వచ్చి ఇడ్లీ తింటున్నారు. ఎవరికీ నొప్పి తగలకుండా అంతా సర్దేశానని, నిజం చెప్పాలంటే, కాస్త గర్వపడ్డాను కూడా.

జూన్ మొదటి ఆదివారం మధ్యాహ్నం పచ్చడికి కొబ్బరి తురుము కావలసి వచ్చింది. నేను పప్పు తాలింపు దగ్గర ఉన్నాను. "నేను తెస్తాలే," అని అత్తగారు గ్యారేజీలోకి వెళ్లారు. అయిదు నిమిషాలైనా రాలేదు. అప్పుడు గుర్తొచ్చింది. పొయ్యి ఆపేసి పరుగెత్తాను.

ఫ్రీజరు మూత తెరిచే ఉంది. బట్టలుతికే యంత్రం మీద ఆవిడ ముద్దలు వరసగా పెట్టి ఉన్నారు. తెల్లటి పొగ వస్తోంది వాటి మీంచి. ఆఖరి కవరు విప్పుతూ, తల ఎత్తకుండానే అడిగారు.

"ఎన్ని రోజుల నుంచి?"

"ఇరవై మూడు."

"ఆ. ఇరవై మూడే ఉన్నాయి. లెక్క సరిపోయింది." ఆవిడ ఒక ముద్ద చేతిలోకి తీసుకుని, చలికి ఆగలేక మళ్లీ పెట్టేశారు. "అంతకు ముందు?"

నేను ఫ్రీజరు మూత వేశాను.

"అంతకు ముందు ఎవరు తిన్నారమ్మా?"

"ఎలుకలు, అత్తయ్య గారూ."

"పిండిలో అడుగులు?"

"అవీ అంతే. నేను ఎలుకల కోసమే చల్లాను. మీరు అలా అనుకుంటారని నాకు తెలియదు. తరవాత చెప్పలేకపోయాను. మీరు మళ్లీ తినడం మానేస్తారని..."

కోప్పడతారనుకున్నాను. ఏడుస్తారనుకున్నాను. ఆవిడ చీర కొంగుతో చేతులు తుడుచుకుని, అక్కడే స్టూలు మీద కూర్చున్నారు.

"మా పుట్టింట్లో ధాన్యం కొట్టు ఉండేది నిరుపమా. పదహారేళ్లు వచ్చే దాకా అందులోనే ఆడుకున్నాను. ఎలుక అడుగు నేనెరగనా?"

"మరి..."

"ఆ పొద్దున్న చూడగానే ఎలుకే అనిపించింది. కానీ పక్కన పిండి పోసి ఉంది. పోసింది నువ్వు. ఏదైనా సరే చూసి గానీ ఒప్పుకోని పిల్లవి. నా కోడలే నమ్మి పోసిందంటే, ఆయన నిజంగా వస్తున్నారేమోననుకున్నాను." ఖాళీ కవరు ఒకటి మడత పెడుతూ, "నేనొక్కదాన్నే కాదు కదా అనుకున్నాను," అన్నారు.

నేను ఆవిడ కాళ్ల దగ్గర సిమెంటు నేల మీద కూర్చుండిపోయాను. ఆవిడ తిండి గురించి ఆలోచించాను. తూకం గురించి, పిల్ల చదువు గురించి, వైర్ల గురించి ఆలోచించాను. ఆ పొద్దున్న చెట్టు కింద నేనన్న ఒక్క "అవును" మీద ఆవిడ ఇన్నాళ్లూ నిలబడ్డారని ఆలోచించలేదు.

"లే. నేల చల్లగా ఉంది," అన్నారు.

సాయంత్రం నాలుగింటికి మా వారు కారు తీశారు. ముద్దలన్నీ ఒక స్టీలు గిన్నెలో పెట్టి ఆవిడే ఒళ్లో పెట్టుకున్నారు. వేమత్‌లో అలలు లేవు. పోటు నిండుగా ఉంది. ఆవిడ ఒక్కొక్కటే నీళ్లలో వదిలారు. పిట్టలు వచ్చాయి. ఈసారి మొహం తిప్పుకోలేదు. అవి పొడుచుకు తింటుంటే చూస్తూ నిలబడ్డారు.

ఇంటికొచ్చాక నేను వంట చేశాను. ఏడైంది. ఆవిడ అన్నం కలపడానికి లేవలేదు. వెనక తలుపు దగ్గరికి వెళ్లలేదు. ఫిబ్రవరి తరవాత మొదటిసారి రాత్రి భోజనానికి మాతో పాటు బల్ల దగ్గర కూర్చుని, కంచం ముందుకి జరుపుకున్నారు. శ్రీజ నా వంక చూసింది. నేను వడ్డించాను.

రెండు ముద్దలు తిన్నాక ఆవిడ అన్నారు.

"భాస్కరం, నాకు టికెట్ తీయించరా."

"ఎక్కడికమ్మా?"

"తెనాలికి. మీ ఇందిర పిన్ని దగ్గర ఉంటాను. పొద్దున్నే ఫోన్ చేసి చెప్పేస్తాను. వచ్చే నెల మీ నాన్న మాసికం నాటికి నేనక్కడ ఉండాలి."

మా వారు చేతిలో ముద్ద కంచంలో పెట్టేశారు. "ఎలుకలు పోయాయి కదమ్మా. ఇంట్లో ఇప్పుడు ఏ ఇబ్బందీ లేదు."

"తెలుసు నాన్నా. ఇల్లు అద్దంలా ఉంది. ఇంటి కోసం కాదు."

"మరెందుకు?"

"అక్కడైతే డాబా ఎక్కి పిలిస్తే కాకులు వస్తాయి. రాకపోతే రాలేదని తెలుస్తుంది. ఏదో ఒకటి నా కళ్లతో నేను చూస్తాను."

శ్రీజ చెంచా కింద పెట్టింది. "నానమ్మా, ఆర్ యూ మ్యాడ్ ఎట్ మమ్మీ?"

"లేదు తల్లీ. మీ అమ్మ నాకు చాలా చేసింది," అన్నారు. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాను. లేదు. ఉంటే బాగుండుననిపించింది.

మా వారు నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టారు. "సరే. ఎన్నాళ్లకి తీయించమంటావు? మూడు నెలలకా, ఆరు నెలలకా?"

"వెళ్లడానికి తీయించు చాలు."

ఆవిడ కంచం నా వైపు కొద్దిగా జరిపారు. పులుసు పోశాను. చాలన్నట్టు చెయ్యి అడ్డం పెట్టి, కొడుకు వైపు తిరిగారు.

"తారీఖు నువ్వే చూడరా. మంగళవారం మాత్రం కాకుండా చూడు."